ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? చైన్ ఆలస్యాలు, టెన్షన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒకరు ఉంటున్న ఇంటిని కొనుక్కుంటున్న తెలుగువారి కోసం రాసిన పేజీ ఇది. ఆఫర్ ఒప్పుకున్న రోజు స్వీట్లు పంచేసి, నెలలు గడిచినా తాళాలు రాక బుర్ర వేడెక్కిపోయినవాళ్లు అడిగే ప్రశ్నలే ఇందులో ఉన్నాయి. మీ కేసుకి సంబంధించిన లీగల్ విషయాలు మాత్రం మీ సాలిసిటర్‌నే (మీ తరఫున కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌నే) అడగండి.

అసలు చైన్ అంటే ఏమిటి?

మీరు కొనే ఇంట్లో ఉంటున్నవాళ్లు ఇంకో ఇల్లు కొనుక్కుంటున్నారు. ఆ ఇంటివాళ్లు మరో ఇంటికి మారుతున్నారు. ఇలా ఒకరి అమ్మకం మీద ఇంకొకరి కొనుగోలు ఆధారపడిన వరసనే చైన్ అంటారు. కింద చివర సాధారణంగా మొదటిసారి ఇల్లు కొనేవాళ్లుంటారు. పై చివర ఇక ఏ ఇల్లూ కొననక్కర్లేనివాళ్లు ఉంటారు. అంటే తల్లిదండ్రులు పోయాక వాళ్ల ఇల్లు అమ్ముతున్న పిల్లలు, కేర్ హోమ్‌కి మారిన పెద్దావిడ కుటుంబం, అద్దెకిచ్చిన ఇల్లు వదిలించుకుంటున్న ఓనరు లాంటివాళ్లు.

అందరూ ఒకే రోజు ఎందుకు మారాలి? మీరిచ్చిన డబ్బుతోనే మీకు అమ్మినవాళ్లు తమ పాత లోను తీర్చి, మిగిలినది పై ఇంటికి కడతారు. రెండిళ్లకి ఒకేసారి డబ్బు పెట్టుకోగలిగేవాళ్లు తక్కువ. అందుకే పెళ్లివారి బస్సులాగా ఆఖరి మనిషి ఎక్కేదాకా ఇది కదలదు. మీ కాగితాలన్నీ నెల క్రితమే సిద్ధమైనా సరే.

మా ఆఫర్ ఒప్పుకున్నారు. ఇక ఇల్లు మాదే కదా?

కాదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే మాట ఖాయమైనట్టు లెక్క. ఇక్కడ ఆఫర్ ఒప్పుకున్న దశలో మీరు అమ్మేవాళ్లకి పైసా ఇవ్వరు, వాళ్లు మీకు ఏ హామీ ఇవ్వరు. 1989 నాటి చట్టం ప్రకారం భూమి, ఇళ్ల అమ్మకానికి రాతపూర్వకంగా, ఇద్దరూ సంతకం చేసిన కాంట్రాక్టు ఉండాలి. ఆ కాంట్రాక్టులు మార్చుకునే ఘట్టమే ఎక్స్ఛేంజ్. అప్పుడు మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ కడతారు, కంప్లీషన్ తేదీ, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు, ఖాయమవుతుంది. అప్పటిదాకా ఎవరైనా, ఏ కారణం చెప్పకుండా అయినా తప్పుకోవచ్చు.

ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటే అమ్మేవాళ్లు అటు మొగ్గడాన్ని గజంపింగ్ అంటారు. ఎక్స్ఛేంజ్ ముందురోజు కొనేవాళ్లు "పది వేలు తగ్గిస్తేనే" అని కూర్చోవడం గజండరింగ్. రెండూ చిరాకు తెప్పించే పనులే, రెండూ చట్టవిరుద్ధం కాదు.

కాబట్టి ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. అద్దె ఇంటి నోటీసు, ఇండియా టికెట్లు, సోఫా ఆర్డరు, గృహప్రవేశం పిలుపులు అన్నీ ఎక్స్ఛేంజ్‌కి ముడిపెట్టండి, ఆఫర్‌కి కాదు. కింద చెప్పినవాటిలో చాలా భాగం ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఎన్నాళ్లు పడుతుంది?

ఏజెంటు చెప్పే "ఎనిమిది వారాలు" నమ్మకండి. చైన్ ఉంటే నాలుగు నుంచి ఆరు నెలలు అని మనసులో పెట్టుకోండి. లీజ్‌హోల్డ్ ఫ్లాటు (భూమి ఓనరు వేరే ఉండి, కొన్నేళ్ల లీజు మీద కొనేది) ఉన్నా, చైన్‌లో ప్రొబేట్ ఇల్లు (చనిపోయినవారి ఇల్లు, అమ్మడానికి కోర్టు అనుమతి రావాల్సినది) ఉన్నా ఇంకా పట్టొచ్చు.

ఇన్ని నెలలు ఎక్కడ పోతాయి?

మొదటిది, సెర్చ్‌లు. మీ సాలిసిటర్ స్థానిక కౌన్సిల్ నుంచి రోడ్లు, ప్లానింగ్ లాంటి వివరాలు, నీళ్ల కంపెనీ నుంచి డ్రైనేజీ వివరాలు, పర్యావరణ రిపోర్టు తెప్పిస్తారు. పాత బొగ్గు గనుల ప్రాంతమైతే దానికీ ఒక సెర్చ్. కొన్ని కౌన్సిళ్లు రోజుల్లో ఇస్తాయి, కొన్ని వారాల తరబడి తిప్పుతాయి. అందుకే ఆఫర్ ఒప్పుకున్న వారంలోనే సెర్చ్‌లకి డబ్బు కట్టి ఆర్డరు పెట్టించండి. కొంతమంది సాలిసిటర్లు బ్యాంకు నుంచి మార్ట్‌గేజ్ (ఇంటి లోను) ఆఫర్ వచ్చాకే మొదలుపెడతారు. ముందే మొదలుపెడితే, లోను రాకపోయిన పక్షంలో ఆ కొన్ని వందల పౌండ్లు పోతాయి. ఆ రిస్కు తీసుకోవాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. నా ఓటు మాత్రం తీసుకోవడానికే.

రెండోది, ఎంక్వైరీలు. అమ్మేవాళ్లు టీఏ6 అనే ఫారంలో ఇంటి వివరాలు, టీఏ10లో ఏ వస్తువులు వదిలి వెళతారో రాస్తారు. అవి చదివి మీ సాలిసిటర్ ప్రశ్నలు పంపుతారు. లాఫ్ట్ గదిని నిబంధనల ప్రకారమే కట్టారనే బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ ఏది? కిటికీలు మార్చినప్పుడు నిబంధనల ప్రకారమే వేశారనే ఫెన్సా కాగితం ఉందా? అమ్మేవాళ్లు అటక మీద పాత ఫైళ్లు వెతుక్కుంటూ రెండు వారాలు గడిపేస్తారు. కాగితం దొరక్కపోతే చాలాసార్లు ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ పాలసీతో (ఆ కాగితం లేనందువల్ల తర్వాత నష్టం వస్తే భరించే బీమాతో) ముగిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ పాలసీ సంగతి తేలకుండా మీరే ఉత్సాహపడి కౌన్సిల్‌కి ఫోన్ చేసి "ఈ ఎక్స్‌టెన్షన్‌కి పర్మిషన్ ఉందా" అని అడగకండి. కౌన్సిల్ దృష్టికి తీసుకెళితే పాలసీ ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా చెల్లకపోవచ్చు.

మూడోది, లీజ్‌హోల్డ్ ఫ్లాట్లు. మీరు కొనేది విడి ఇల్లయినా, చైన్‌లో ఎక్కడో ఒక ఫ్లాటు ఉండొచ్చు. దాని మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి ఎల్‌పీఈ1 అనే సమాచార ప్యాకు రావాలి. అమ్మేవాళ్లు దానికి ఫీజు కట్టాలి, కట్టాక కూడా ఎదురుచూడాలి. ఎత్తైన భవనమైతే 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం కింద కావలసిన సర్టిఫికెట్లు, బయటి గోడల భద్రతకి ఈడబ్ల్యూఎస్1 ఫారం లాంటివి తోడవుతాయి.

నాలుగోది ప్రొబేట్. చనిపోయినవారి ఇల్లయితే, వారసులకి కోర్టు గ్రాంటు వచ్చేదాకా అమ్మకం పూర్తికాదు. ఎంత మంచిగా మాట్లాడినా దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. ఆఫర్ పెట్టేముందే "ప్రొబేట్ వచ్చిందా, దరఖాస్తు చేశారా" అని అడగండి.

ఇండియా నుంచి వచ్చే డబ్బు వల్ల కూడా ఆలస్యమవుతుందా?

అవుతుంది. పైగా ఇది మీ చేతుల్లో ఉన్న ఆలస్యం.

మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం డిపాజిట్ డబ్బు ఎక్కడిదో సాలిసిటర్ తెలుసుకోవాలి. "మా నాన్నగారు ఇచ్చారు" అంటే చాలదు. నాన్నగారికి ఎలా వచ్చిందో కూడా అడుగుతారు. గుంటూరులో స్థలం అమ్మితే రిజిస్టర్డ్ సేల్ డీడ్, డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు చూపాలి. డీడ్ తెలుగులో ఉంటే అనువాదం అడగవచ్చు. డీడ్‌లో రాసిన ధరకీ అసలు చేతికొచ్చిన డబ్బుకీ తేడా ఉన్న వ్యవహారాలు ఇక్కడ నిలబడవు, అది ముందే తెలుసుకోవడం మంచిది. రిటైర్‌మెంట్ డబ్బయితే ఆ కాగితాలు. కానుకగా ఇస్తున్నారని, తిరిగి అడగరని, ఇంట్లో వాటా కోరరని తల్లిదండ్రుల సంతకంతో లేఖ కావాలి. వాళ్ల గుర్తింపు కాగితాలూ అడగవచ్చు. కొన్ని బ్యాంకులు విదేశం నుంచి వచ్చే కానుకల్ని ఒప్పుకోవు కూడా. కాబట్టి మార్ట్‌గేజ్ బ్రోకర్‌కి మొదటి రోజే చెప్పండి.

పంపడంలోనూ పరిమితులున్నాయి. భారత్‌లో నివసించేవారు రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇండియాలో వచ్చే డబ్బు కోసం పెట్టుకునే ఖాతాలో) ఉన్న డబ్బయితే ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి తెచ్చుకోవచ్చు గానీ, పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ లాంటివి బ్యాంకు అడుగుతుంది. మార్చి ఆఖరి వారంలో ఈ పని పెట్టుకుంటే అక్కడి బ్రాంచిలో పలికే నాథుడుండడు. రూపాయి, పౌండు మారకం రేటు బాగా వచ్చేదాకా ఆగుదామని చివరి వారం వరకూ లాగేవాళ్లూ ఉన్నారు. ఆ లెక్కల్లో మిగిలేదానికన్నా చైన్‌లో మీరే ఆఖరి మనిషి అయిపోతే పోయేది ఎక్కువ.

హైదరాబాద్‌లో మాకో ఫ్లాటు ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. పైగా ఇది చాలా ఆలస్యంగా, ఎక్స్ఛేంజ్ ముంగిట బయటపడి గొడవైపోయే విషయం.

ఇంగ్లండ్‌లో స్టాంప్ డ్యూటీ లెక్కకి ప్రపంచంలో ఎక్కడున్న నివాస గృహమైనా లెక్కే. మొదటిసారి కొనేవారి రాయితీ కావాలంటే కొనేవాళ్లందరూ ఇంతకుముందు ఎక్కడా ఇంటికి ఓనర్లు అయి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా అంతే. ఇక 40,000 పౌండ్లు, ఆపైన విలువున్న ఇల్లు మీకో, మీ భార్యకో, భర్తకో ఉండగా ఇక్కడ ఇల్లు కొంటే సాధారణంగా అదనపు ఇల్లు కింద లెక్కేసి 5 శాతం ఎక్కువ కట్టమంటారు. 2024 అక్టోబర్ 31 నుంచి ఈ రేటు ఉంది.

4,50,000 పౌండ్ల ఇంటికి, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లతో లెక్క చూడండి. మొదటిసారి కొనేవారికి 7,500. రాయితీ లేనివారికి 12,500. హైదరాబాద్ ఫ్లాటు వల్ల అదనపు రేటు పడితే 35,000. ఖాళీ స్థలం ఉన్నా, పొలం ఉన్నా అవి ఇల్లు లెక్కలోకి రావు. ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంటే పన్ను సలహాదారుని అడగాల్సిందే.

చైన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఇక్కడ మీరు ఉంటున్న ఇల్లు అమ్మి, అదే రోజు కొత్త ఇల్లు కొంటే, సొంత నివాసం మార్చుకున్నట్టు లెక్క. హైదరాబాద్‌లో ఫ్లాటు ఉన్నా అదనపు 5 శాతం పడదు. కానీ కింది కొనుగోలుదారు జారిపోయి, మీరు ముందు కొత్తది కొనేసి తర్వాత పాతది అమ్మితే, ముందు ఆ అదనం కట్టాలి. పాత ఇల్లు మూడేళ్లలోపు అమ్మితే తిరిగి అడగవచ్చు. అప్పటిదాకా ఆ డబ్బు మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. ఈ లెక్కలు ఇంగ్లండ్‌వి. వేల్స్‌లో పన్ను వేరు, రేట్లు వేరు.

సాలిసిటర్ మెయిల్‌కి జవాబివ్వడు. ఏం చేయాలి?

"ఏమైనా అప్‌డేట్ ఉందా?" అని రోజూ మెయిల్ పెట్టకండి. దానికి "ఎదురుచూస్తున్నాం" అనే జవాబు తప్ప ఇంకేమీ రాదు. వారానికి ఒక రోజు పెట్టుకుని, జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు అడగండి. ఇంకా తేలని ఎంక్వైరీలు ఎన్ని? అవి ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి ఆగాయి? మా వైపు నుంచి కావలసిన కాగితం ఏదైనా ఉందా? తర్వాత అదే జాబితాతో ఏజెంటుకి ఫోన్ చేయండి. ఏజెంటు అమ్మేవాళ్ల మనిషే, ఫీజు ఇచ్చేది వాళ్లే. అయినా అమ్మకం పూర్తయితేనే అతనికి డబ్బు. కాబట్టి చైన్ పైదాకా ఫోన్లు తిప్పి కబురు తేగలిగేది అతనే. చాలా ఆఫీసుల్లో దీనికోసమే వేరే మనిషి ఉంటారు. వాళ్ల పేరు, డైరెక్ట్ నంబరు అడిగి పెట్టుకోండి.

వీలైతే అమ్మేవాళ్లతో నేరుగా పరిచయం పెంచుకోండి. రెండోసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నంబర్లు మార్చుకుంటే తప్పేం లేదు. ఇద్దరు సాలిసిటర్ల మధ్య పది రోజులు నలిగే ప్రశ్న, వాట్సాప్‌లో పది నిమిషాల్లో తేలడం మామూలే. ధర గురించి మాత్రం అక్కడ మాట్లాడకండి.

మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు అయిపోతోంది.

ఆఫర్లు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు చెల్లుతాయి. ఆఖరి వారం దాకా ఆగకుండా నెల ముందే బ్రోకర్‌తో పొడిగింపు అడిగించండి. బ్యాంకు జీతం స్లిప్పులు, వీసా కాగితాలు మళ్లీ అడగవచ్చు, కొత్త రేటు వేయవచ్చు. 2022 సెప్టెంబర్ మినీ బడ్జెట్ తర్వాత వారాల్లోనే రేట్లు ఎలా ఎగిరాయో ఇక్కడున్నవాళ్లందరికీ గుర్తే. సెర్చ్‌లు కూడా ఆరు నెలలు దాటితే చాలా బ్యాంకులు కొత్తవి కావాలంటాయి.

ఈ మధ్యలో ఉద్యోగం మారకండి. తప్పకపోతే బ్రోకర్‌కి ముందే చెప్పండి. కొత్త ఇంటికి కొత్త కారు అని లోను తీసుకోవడం, కొత్త క్రెడిట్ కార్డు మీద టీవీ కొనడం కూడా వద్దు. కంప్లీషన్ ముందు క్రెడిట్ రికార్డు మళ్లీ చూసే బ్యాంకులున్నాయి.

కంప్లీషన్ ఆషాఢంలో పడింది. తేదీ మార్చమని అడగవచ్చా?

అడగవచ్చు, కానీ చైన్‌లో ఉన్న నాలుగైదు కుటుంబాలూ, వాళ్ల వ్యాన్లూ, బ్యాంకులూ ఒప్పుకోవాలి. ఎక్స్ఛేంజ్ అయ్యాక అడగడం దాదాపు వృథా. మూఢం, శూన్యమాసం అని చెప్పి రెండు నెలలు ఆపితే పైవాళ్లు వేరే కొనుగోలుదారుని చూసుకుంటారు.

చాలామంది చేసే పని ఇది: ఏ రోజు పడితే ఆ రోజు తాళాలు తీసుకుంటారు. పట్టింపు ఉంటే కాపురం పెట్టకుండా రంగులు, కార్పెట్ల పని ఆ రోజుల్లో చేయించుకుంటారు. మంచి రోజు చూసి పాలు పొంగించి లోపలికి వెళతారు. తాళం తీసుకోవడం వేరు, గృహప్రవేశం వేరు అని పంతులుగార్లే సర్దిచెప్పడం వినే ఉంటారు. హోమం పెట్టించే పనైతే స్మోక్ అలారం సంగతి ముందే చూసుకోండి, చెక్క నేల మీద కింద ఏం వేస్తారో కూడా.

అమ్మానాన్నల్ని గృహప్రవేశానికి రప్పించేవాళ్లకి ఒక సూచన. విజిటర్ వీసా మీద ఒకసారి వస్తే సాధారణంగా ఆరు నెలలకి మించి ఉండలేరు. ఆఫర్ రోజున టికెట్లు తీసుకుంటే, పాలు పొంగకముందే వాళ్లు తిరుగు విమానం ఎక్కాల్సి రావచ్చు.

స్కూలు కోసమే ఈ ఇల్లు. ఆలస్యమైతే సీటు పోతుందా?

ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూలు దరఖాస్తు గడువు అక్టోబర్ 31, ప్రైమరీకి జనవరి 15. ఆ తేదీ నాటికి మీరు ఉంటున్న అడ్రసే ముఖ్యం. చాలా కౌన్సిళ్లు ఎక్స్ఛేంజ్ అయినట్టు సాలిసిటర్ లేఖ ఇస్తే కొత్త అడ్రసు లెక్కలోకి తీసుకుంటాయి. ఆఫర్ లేఖ పనికిరాదు. ఒక్కో కౌన్సిల్ రూలు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అడ్మిషన్స్ పేజీ చదివి, అనుమానముంటే మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఈ గడువు గురించి మీ సాలిసిటర్‌కీ ఏజెంటుకీ మొదటే చెప్పాలి. అక్టోబర్ 20న చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

గ్రామర్ స్కూలు (పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ స్కూలు) కోసం స్లౌ, సటన్, బకింగ్‌హమ్‌షైర్ వైపు మారేవాళ్లకి ఇదే పెద్ద టెన్షన్. ఇంటి తగాదా పిల్లాడి లెవెన్ ప్లస్ ప్రవేశ పరీక్ష చదువు మీద పడకుండా చూసుకోండి, వాడి ముందు "ఇదంతా నీ కోసమే" అని అనకండి.

అద్దె ఇంటికి నోటీసు ఎప్పుడివ్వాలి?

ఎక్స్ఛేంజ్ అయ్యాక. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో అద్దెకుండేవాళ్లు ఇచ్చే నోటీసు సాధారణంగా రెండు నెలలు. కాబట్టి నెలో, నెలన్నరో రెండు చోట్లా డబ్బు కట్టాల్సి వస్తుందని బడ్జెట్‌లోనే రాసుకోండి. ఆ నెల అద్దె మిగుల్చుకోబోయి ముందే నోటీసిచ్చినవాళ్లు, చైన్ తెగితే సామాను స్టోరేజీలో పెట్టి స్నేహితుల ఇంట్లో ఉండాల్సి వస్తుంది.

చైన్ తెగిపోతే మా డబ్బు?

ఎక్స్ఛేంజ్ ముందైతే డిపాజిట్ ఇంకా కట్టలేదు, అది క్షేమం. సర్వే ఫీజు, సెర్చ్‌ల ఖర్చు, సాలిసిటర్ అప్పటిదాకా చేసిన పని డబ్బు పోతాయి. కొనుగోలు ఆగిపోతే ఫీజు తీసుకోని సాలిసిటర్లు ఉన్నారు, కొన్ని ఖర్చులకి ఇన్సూరెన్స్ కూడా దొరుకుతుంది. రెండూ మొదట్లోనే చూసుకోవాలి.

తెగిన రోజే కొత్త ఇళ్లు వెతకడం మొదలుపెట్టకండి. చాలా చైన్లు మళ్లీ అతుక్కుంటాయి. ఎక్కడ తెగిందో అడగండి. కింద కొనుగోలుదారు పోతే ఏజెంటు ఇంకొకరిని తేగలడు. పైన ఒకరు మనసు మార్చుకుంటే మీకు అమ్మేవాళ్లు కొన్నాళ్లు అద్దెకి వెళ్లడానికి సిద్ధమేనా అని అడగవచ్చు. అలా ఒప్పుకుంటే చైన్ అక్కడే ముగిసిపోతుంది, వాళ్ల అద్దెలో కొంత మీరు సర్దినా లాభమే. పాత ఇల్లు అమ్మేలోపు కొత్తది కొనడానికి కొద్దికాలానికి ఇచ్చే బ్రిడ్జింగ్ లోను అనే దారీ ఉంది. వడ్డీ ఎక్కువ, మీ పాత ఇల్లు అమ్ముడయ్యే తేదీ చేతిలో లేకుండా దాని జోలికి వెళ్లకపోవడమే నయం.

స్కాట్లాండ్‌లో ఇన్ని బాధలు లేవట కదా?

తక్కువ. అక్కడ ఎక్కువ ఇళ్లకి అమ్మేవాళ్లే ముందు సర్వే వివరాలతో హోమ్ రిపోర్టు తయారుచేయిస్తారు, మిస్సివ్స్ అనే లేఖలు ముగిశాయంటే ఇద్దరూ కట్టుబడినట్టే. ఇంగ్లండ్‌లోనూ 2007లో అమ్మేవాళ్లు సమాచార ప్యాకు ఇవ్వాలని తెచ్చారు, 2010లో ఎత్తేశారు.

నిద్ర పట్టడం లేదు. ఇంట్లో రోజూ గొడవ.

ఇది మీ ఒక్కరికే కాదు. పెద్ద డబ్బు, తెలియని పద్ధతి, చేతిలో లేని తేదీ మూడూ కలిస్తే ఎవరికైనా అంతే. పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

భార్యాభర్తల్లో ఒక్కరే సాలిసిటర్, ఏజెంటు వ్యవహారం చూడండి. ఇద్దరూ మెయిళ్లు పెడితే ఆ ఆఫీసుకీ గందరగోళం, మీకూ గొడవ. రెండోవారు సామాను, స్కూలు, వ్యాన్ చూసుకోవచ్చు. రాత్రి భోజనాల దగ్గర ఇంటి మాట వద్దని పెట్టుకున్న జంటలు కాస్త ప్రశాంతంగా ఉంటాయి.

ఇండియాలో అందరికీ చెప్పకండి. ఆదివారం ఫోన్‌లో అత్తయ్య, మావయ్య, పెదనాన్న తలా ఒకసారి "ఇల్లు ఏమైంది?" అంటే ఆ వారమంతా అదే తలలో తిరుగుతుంది. దిష్టి అనుకుని దాచినా, చిరాకు తప్పించుకోవడానికి దాచినా ఫలితం ఒకటే. ఇప్పటికే చెప్పేశారా? "ఖాయమైతే మేమే ఫోన్ చేస్తాం" అనేయండి.

ముందే ఖాయం చేసి పెట్టుకున్న గడువు కూడా సాయపడుతుంది. "ఫలానా తేదీలోపు ఎక్స్ఛేంజ్ కాకపోతే వేరే ఇళ్లు చూస్తాం" అని ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ తేదీ అమ్మేవాళ్లకి బెదిరింపుగా చెప్పాల్సిన పనిలేదు. ఉత్త బెదిరింపు ఒకసారి బయటపడితే మళ్లీ మీ మాట ఎవరూ లెక్కచేయరు.

వారాల తరబడి నిద్ర లేకపోతే, గుండె దడగా ఉంటే జీపీని కలవండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కి జీపీ లేఖ లేకుండా మీరే పేరు ఇచ్చుకోవచ్చు. బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే సమారిటన్స్ అనే సహాయ సంస్థకి, 116 123 నంబరుకి, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కంప్లీషన్ రోజు ఏం జరుగుతుంది? ఆ రోజు కూడా ఆలస్యమవుతుందా?

డబ్బు కింద నుంచి పైకి, ఒక్కో సాలిసిటర్ ఖాతా మీదుగా వెళుతుంది. మామూలు కాంట్రాక్టుల్లో మధ్యాహ్నం 2 గంటల గడువు ఉంటుంది. మీరు చైన్‌లో పైన ఉంటే తాళాలు సాయంత్రానికి వస్తాయి. అందరూ శుక్రవారమే కావాలంటారు. డబ్బు చిక్కుకుంటే సోమవారం దాకా ఆగాల్సిన రోజు కూడా అదే. మంగళ, బుధవారాలు అడిగి చూడండి. మంగళవారం ఇంట్లో ఒప్పుకోకపోతే బుధవారమే అడగండి.

ఎవరైనా ఆ రోజు డబ్బు కట్టలేకపోతే ఆలస్యానికి వడ్డీ పడుతుంది. పూర్తి చేయమని అవతలివాళ్లు నోటీసు ఇస్తే సాధారణంగా పది పనిదినాల్లో పూర్తి చేయాలి. అప్పటికీ కొనేవాళ్లు కట్టకపోతే డిపాజిట్ పోగొట్టుకోవచ్చు. ఎక్స్ఛేంజ్ నుంచే బిల్డింగ్ ఇన్సూరెన్స్ మీ పేరున మొదలవ్వాలా అనేది సాలిసిటర్‌ని అడిగి తీసుకోండి, చాలా కాంట్రాక్టుల్లో అప్పటినుంచే రిస్కు మీది.

మోసం గురించి గట్టిగా చెప్పాలి. "మా బ్యాంకు ఖాతా మారింది" అని సాలిసిటర్ పేరుతో మెయిల్ వస్తే అది దొంగ మెయిల్ అనుకోండి. ఖాతా నంబరు మొదట్లోనే నేరుగానో, మీ దగ్గర ఉన్న పాత ఫోన్ నంబరుకి చేసో తీసుకోండి. చిన్న మొత్తం పంపి, చేరిందని ఫోన్‌లో విన్నాకే మిగతాది పంపండి.

ఫిర్యాదు ఎవరికి?

ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా. తేలకపోతే సాలిసిటర్, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ల (ఇళ్ల అమ్మకాల లీగల్ పనికి లైసెన్సు ఉన్నవాళ్ల) మీద లీగల్ ఆంబుడ్స్‌మన్‌కి. ఎస్టేట్ ఏజెంట్లు ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్ లేదా ప్రాపర్టీ రిడ్రెస్‌లో సభ్యులై ఉండాలి. మధ్యలో సాలిసిటర్‌ని మార్చడం కుదురుతుంది గానీ, ఫైలు చేతులు మారేసరికి ఇంకొన్ని వారాలు పోతాయి.

తాళాలు వచ్చి నెలలైంది, ల్యాండ్ రిజిస్ట్రీలో ఇంకా పాత ఓనరు పేరే ఉంది!

కంగారు పడకండి. స్టాంప్ డ్యూటీ రిటర్ను 14 రోజుల్లో వేయాలి, అది మీ సాలిసిటరే చేస్తారు. పేరు మార్పు దరఖాస్తు మాత్రం ల్యాండ్ రిజిస్ట్రీ దగ్గర నెలల తరబడి ఉండొచ్చు. దరఖాస్తు వెళ్లినట్టు రుజువు మెయిల్‌లో అడిగి దాచుకోండి. ల్యాండ్ రిజిస్ట్రీ వారి ప్రాపర్టీ అలర్ట్ సేవలో ఉచితంగా చేరితే, మీ ఇంటి రికార్డు మీద ఎవరు ఏ దరఖాస్తు పెట్టినా మీకు మెయిల్ వస్తుంది.